నలభై దాటే అమ్మకు రక్తపరీక్ష

మా ఆవిడకు నలభై రెండేళ్లప్పుడు నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. వయసు అనుకున్నాం. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8 గ్రాములు! స్త్రీలకు 12కు తగ్గితే రక్తహీనతే. బ్యాంకులో పైసా తేడా వస్తే రాత్రిదాకా వెతికేవాణ్ణి, ఇంట్లో ఇది చూడలేదు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత కనబడింది. మా ఆవిడ అందరూ తిన్నాక మిగిలింది తినేది, వెంటనే టీ తాగేది. టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు, గంట ఆగాలి. పప్పు, ఆకుకూరల్లో నిమ్మరసం పిండుకుంటే బాగా పడుతుంది. మాత్రలు డాక్టరు చెబితేనే.

ముట్లుడిగే వయసులో ఎముకలూ పలచబడతాయి కనుక రాగులు, నువ్వులు, పాలు కావాలి. నడక వారానికి 150 నిమిషాలు. మా బాబుపేట్ ఎండల్లో అయితే తెల్లవారుజామునే.

విద్యార్థులారా, ఈ సెలవుల్లో అమ్మను మీరే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. "నాకేం, బాగానే ఉన్నాను" అంటుంది. మా ఆవిడా అలాగే అంది.