గలగలా మాట్లాడతాడు, చదవలేడు

ప్రశ్న: మా బాబు ఇంగ్లిష్ మీడియంలో మూడో తరగతి. తెలుగు గలగలా మాట్లాడతాడు, వాచకం చదవమంటే తడబడతాడు. ఎందుకు?
– ఒక తల్లి, మలక్‌పేట

జవాబు: మాట వింటే వస్తుందమ్మా, చదువు నేర్పితేనే వస్తుంది. 2018 చట్టం తెలంగాణ బడుల్లో పదో తరగతి దాకా తెలుగును తప్పనిసరి చేసింది. అయినా ఇంగ్లిష్ మీడియం పిల్లల కంట తెలుగు లిపి పడేది తక్కువ. పైగా అక్షరమాల ఒక్కటే చాలదు; గుణింతాలు, వత్తులు కలిసి వందల రూపాలవుతాయి. ‘క’ గుర్తుపట్టినవాడే ‘క్కె’ దగ్గర ఆగిపోతాడు.

ఎక్కడ ఆగుతున్నాడో రాసిపెట్టుకోండి. రోజూ పది నిమిషాలు ఆ గుణింతం, ఆ వత్తు ఉన్న చిన్న మాటలే చదివించండి. బట్టీ వద్దు.

ఇంగ్లిష్‌లోనూ ఇలాగే తడబడితే, కంటి, చెవి పరీక్షలు చేయించి, చదవడంలో ఇబ్బంది కలిగించే డిస్లెక్సియా ఉందేమో నిపుణులకు చూపించండి. అది తెలివికి సంబంధించిన లోపం కాదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఇలాంటి అభ్యసన వైకల్యాలను గుర్తించింది.