ఇంకా నిజాంపేటలోనేనా?

హైదరాబాద్‌లో ఈ ప్రశ్న ఎవరో ఒకరు మనల్ని అడుగుతూనే ఉంటారు. గృహప్రవేశంలో తోడికోడలు అడుగుతుంది, ఆఫీసు క్యాబ్‌లో పక్క సీటమ్మాయి అడుగుతుంది. పాపం, వాళ్ళ మనసులో ఏమీ ఉండదు, మాట వరసకే అంటారు. గుచ్చుకునేది మనకి. వాళ్ళేమో నల్లగండ్లకో తెల్లాపూర్‌కో మారిపోయి బాల్కనీ ఫొటోలు పెడుతుంటారు. మనమేమో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో, పక్కవాళ్ళ వంటింటి కిటికీ ఎదురుగా. ఆ రాత్రి నిద్ర పట్టక ఫోన్లో ఫ్లాట్ల ధరలు వెతుక్కుంటూ పడుకుంటాం. అవునా, కాదా? ముందు ఆ ఫోను పక్కన పెట్టు తల్లీ. టీ చల్లారకముందే తాగు. నెమ్మదిగా మాట్లాడుకుందాం.

ఏ పేటా పుట్టుకతో గొప్పది కాదు. 1998 నవంబర్‌లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు మాదాపూర్ అంటే బండరాళ్ళు, తుమ్మచెట్లు. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డులో ఇల్లంటేనే "అంత దూరమా" అని బుగ్గలు నొక్కుకున్న చుట్టాలున్నారు. హౌసింగ్ బోర్డు నిండి అద్దెలు పెరిగాక, జనం జేఎన్‌టీయూ దాటి మన రోడ్డెక్కారు. గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి పిల్లల ఇంటర్ చదువుల కోసం వచ్చినవాళ్ళు కొందరు, వరంగల్, కరీంనగర్ నుంచి ఉద్యోగాలకి వచ్చినవాళ్ళు కొందరు. మనం నిండాక ప్రగతినగర్, బాచుపల్లి. అవీ నిండాక మల్లంపేట, బౌరంపేట. ఇప్పుడు కొత్తగా కట్టే చోట్లకీ ఇరవయ్యేళ్ళ తర్వాత "ఇంకా అక్కడేనా" అనే చుట్టాలు పుడతారు, చూస్తుండు.

మరి మన పేట మీద ఈ చిన్నచూపు ఎందుకంటావా? కారణం ఉంది, అది మన తప్పు కాదు. 2007లో జీహెచ్‌ఎంసీ ఏర్పడినప్పుడు నిజాంపేట అందులో చేరలేదు, గ్రామ పంచాయతీగానే మిగిలిపోయింది. పక్కనున్న హైదర్‌నగర్ నగరమైంది, మనం మాత్రం ఊరు! బాచుపల్లి, ప్రగతినగర్‌లతో కలిపి మున్సిపల్ కార్పొరేషన్ చేసింది 2019లో. మళ్ళీ 2025 డిసెంబర్‌లో తీసుకెళ్ళి జీహెచ్‌ఎంసీలో కలిపారు. 2007 నుంచి 2019 దాకా పంచాయతీగా గడిచిన ఆ పన్నెండేళ్ళలోనే అపార్ట్‌మెంట్లు వరసగా లేచాయి. జనమేమో పట్నమంత, పంచాయతీ మాత్రం ఒక ఊరిది. మురుగు కాలవ, తాగునీరు, రోడ్డు వెడల్పు, అన్నీ ఇళ్ళ వెనకాల పరిగెత్తుకుంటూ వచ్చాయి. అందుకే మనకి ట్యాంకర్లు, ఇరుకు సందులు.

నీళ్ళ సంగతే తీసుకో. ఇక్కడ అద్దెకి దిగేవాళ్ళు మొదట అడిగేది "మంజీరా ఉందా" అని, అంటే కుళాయి నీళ్ళొస్తాయా అనే కదా! ఓనరు "ఉందమ్మా" అంటాడు, అబద్ధం కూడా కాదు. కానీ ఎన్ని రోజులకోసారి, ఎంతసేపు అన్నది అడగాలి. వాచ్‌మన్ భార్యని అడిగితే నిజం తెలుస్తుంది. మే నెలలో వారానికి ఎన్ని ట్యాంకర్లు తోలించారో మెయింటెనెన్స్ పుస్తకంలో ఉంటుంది, మొహమాటపడకుండా చూపించమను. కొనేవాళ్ళు పిల్లనిచ్చేటప్పుడు వాకబు చేసినట్టు చేయాలి గానీ, మోడల్ ఫ్లాట్‌లో సోఫా చూసి మురిసిపోతే ఎలా?

అసలు భయం మాత్రం వానది. 2016 సెప్టెంబర్ గుర్తుందా? తుర్క చెరువు పొంగి భండారీ లేఅవుట్ మునిగింది. సెల్లార్లలో కార్లు, మోటార్లు, జనరేటర్లు నీళ్ళపాలయ్యాయి. కరెంటు లేదు, లిఫ్ట్ లేదు, జనం పై అంతస్తుల్లో చిక్కుకుపోయారు. ఆకాశం నల్లబడితే చాలు, ఇప్పటికీ ఆ చుట్టుపక్కల వాళ్ళ గుండె జారుతుంది. అయితే నిజాంపేట మొత్తం మునగలేదు, ఆ మాటా చెప్పాలి. ఒకే పేటలో నాలుగు వీధుల తేడాతో ఒక ఇల్లు పొడిగా ఉంటుంది, ఒక ఇల్లు మునుగుతుంది. నీళ్ళకి మన లేఅవుట్ పేరు తెలియదు కదా, పల్లం మాత్రమే తెలుసు. పాత చెరువుకి నీళ్ళు ఎటు నుంచి వచ్చేవో, అలుగు ఎటు పారేదో, ఆ దారిలో కట్టిన ఇల్లు ఎంత ముద్దుగా ఉన్నా సరే, వద్దు.

అది తెలుసుకోవడం అంత కష్టమేమీ కాదు. ఎదురెండలో ఇల్లు చూడ్డానికి వెళ్తాం చూడు, అలా కాదు, గట్టి వాన పడ్డ మర్నాడు వెళ్ళాలి. ముందు సెల్లార్‌లోకి దిగు. స్తంభాల అడుగున మోకాలెత్తున రంగు వేరుగా ఉందా? మిగతా గోడ పాతదై, ఆ కింది భాగానికే కొత్త సున్నం వేశారా? మోటారుని అరుగు కట్టి ఎత్తు మీద పెట్టారా? అలా ఉంటే నీళ్ళు ఒకసారైనా వచ్చి ఉండొచ్చు, అడిగి తెలుసుకో. తర్వాత ఎఫ్‌టీఎల్ చూడాలి, అంటే చెరువు నిండుగా ఉన్నప్పుడు నీళ్ళు నిలిచే హద్దు. దాని చుట్టూ బఫర్ ఉంటుంది, పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు. చెరువుల మ్యాపులు హెచ్‌ఎండీఏ దగ్గర ఉంటాయి. 2024లో చెరువుల్లో కట్టినవాటిని కూల్చే హైడ్రా వచ్చాక ఈ మాట ఆటో డ్రైవర్‌కి కూడా తెలుసు, కాబట్టి బిల్డర్‌ని అడగడానికి సిగ్గెందుకు?

ఇంకో బెంగ కాగితాలది. పంచాయతీ రోజుల్లో ఇచ్చిన అనుమతి తక్కువ అంతస్తులకి, పైన లేచినవి ఎక్కువ. ఇలాంటి బిల్డింగులు మన దగ్గర చాలానే ఉన్నాయి. ఆ పై అంతస్తులో ఫ్లాటు చవగ్గా వస్తుంటే ఆశపడకు. అమ్మేటప్పుడు కొనేవాడి బ్యాంకు అప్పివ్వకపోతే నువ్వే ఇరుక్కుంటావు. ఇప్పటికే అలాంటి ఫ్లాట్‌లో ఉన్నావా? కంగారు పడకు. లింకు డాక్యుమెంట్లు, ప్లాన్ కాపీ, క్రమబద్ధీకరణకి ఎవరైనా డబ్బు కట్టి ఉంటే ఆ రసీదు, అన్నీ ఒక ఫైల్లో పెట్టు. నీ వాటాకి ఎన్ని గజాల స్థలం రాశారో చూసుకో. బిల్డింగు పాతబడేకొద్దీ విలువ నిలబెట్టేది ఆ గజాలే.

ప్రయాణం గురించి ఎక్కువ చెప్పను, రోజూ అవస్థ పడుతున్నావు కదా. 2017లో మెట్రో వచ్చింది, సంతోషం. కానీ జేఎన్‌టీయూ దగ్గర ఎక్కి హైటెక్ సిటీకి వెళ్ళాలంటే అమీర్‌పేట దాకా వెళ్ళి, రైలు మారి, మళ్ళీ వెనక్కి రావాలి. ఆఫీసు అమీర్‌పేట, ఖైరతాబాద్ వైపైతే మన పేట బంగారం. గచ్చిబౌలి వైపైతే సాయంత్రం ఆరు గంటలకి ఆ దారిలో ఒకసారి వచ్చి చూశాకే ఇల్లు ఖాయం చేసుకో.

పిల్లల బడి కోసమని మారాలనుకుంటున్నావా? అమెరికాలో ఫ్రిస్కో, ఎడిసన్‌లలో మనవాళ్ళు స్కూల్ డిస్ట్రిక్ట్ చూసి ఇల్లు కొంటారంటే అర్థం ఉంది. అక్కడ ఉచితంగా చదివించే ప్రభుత్వ బడి ఏదన్నది ఇంటి అడ్రస్‌ని బట్టే. ఇక్కడ మన పిల్లలు వెళ్ళేది ఫీజు కట్టే బడికి. ఆ బస్సు బాచుపల్లి సందుల్లోకీ వస్తుంది, కోకాపేట టవర్ కిందకీ వస్తుంది.

నాకు మాత్రం పేట దిగజారేది లోపలి నుంచేననిపిస్తుంది. ఓనర్లు ఒక్కొక్కరే కొత్త ఇళ్ళకి వెళ్ళిపోతారు, ఫ్లాట్లు అద్దెకిస్తారు, మీటింగ్‌కి రారు. లిఫ్ట్ సర్వీసు వాయిదా పడుతుంది, సంప్ కడగరు, మెట్ల మీద లైటు పోతే నెలలు గడుస్తాయి. చూడ్డానికి వచ్చినవాళ్ళు గుమ్మంలోనే ధర తగ్గిస్తారు. మనం చేయగలిగింది ఇక్కడే ఉంది. అద్దెకున్నవాళ్ళకీ కమిటీలో చోటివ్వండి, ఇంట్లో ఉండేది వాళ్ళే కదా! నెలనెలా కొంత రిపేర్లకని విడిగా తీసి పెట్టండి. అన్నట్టు, హాస్టళ్ళు వచ్చాయని విసుక్కోకు. వాటిలో ఆడపిల్లలున్నారు కాబట్టే రాత్రి పదింటికి కూడా కర్రీ పాయింట్లు తెరిచి ఉంటున్నాయి, వీధిలో వెలుతురుంది, మనం ధైర్యంగా నడుస్తున్నాం.

అంటే ఎన్నటికీ మారొద్దనా? కాదు. ఏటా సెల్లార్ మునిగితే, మోకాళ్ళ నొప్పుల అత్తగారు లిఫ్ట్ లేక నాలుగో అంతస్తులో బందీ అయిపోతే, నీ రోజంతా రోడ్డు మీదే పోతుంటే నిక్షేపంగా మారు, అపరాధభావం అక్కర్లేదు. తోడికోడలు అడిగిందని మాత్రం ఇరవయ్యేళ్ళ ఈఎమ్ఐ నెత్తికెత్తుకోకు. ఏదో ఒకటి తేల్చుకునేలోపు ఈ ఆదివారం మీ బిల్డింగు మీద పడ్డ వాన నీళ్ళు ఏ గొట్టంలోంచి ఎటు పోతున్నాయో, పక్కనే ఇంకుడు గుంత ఉందో లేదో చూసి, అసోసియేషన్ గ్రూపులో ఒక ఫొటో పెట్టు.