సముద్రము దాటిన బంతియాట

విద్యార్థులారా! ఆటలు కాలక్షేపమునకే యని తలంచువారు పలువురు గలరు. ఒక ఆట ఒక జాతి దుఃఖమును స్మరించుటకు సాధనమైన విధమును మేమిచ్చట వివరింపగోరుచున్నాము.

ఐర్లండు దేశమున గేలిక్ ఫుట్‌బాల్ అను ఆట కలదు. పక్షమునకు 15 మంది ఆడుదురు. బంతిని కాలితో తన్నవచ్చును, చేతితోను పట్టవచ్చును. గోలుస్తంభముల నడుమనున్న అడ్డకమ్మి క్రిందుగా బంతి వలలో పడినచో గోలు. అది 3 పాయింట్లకు సమానము. 1947 నాటి నియమముల ప్రకారము కమ్మి మీదుగా పోయినచో 1 పాయింటు. ఈ యాటను నిర్వహించు గేలిక్ అథ్లెటిక్ సంఘము 1884లో తర్లెస్ పట్టణమున స్థాపింపబడెను. ఆటగాండ్రు జీతము గొనక తమ తమ కౌంటీల పక్షమున నాడుదురు. అఖిల ఐర్లండు అంతిమ పోటీ డబ్లిను నగరమందలి క్రోక్ పార్కున జరుగుట వాడుక.

అయినను 1947 సెప్టెంబరు 14వ తేదీన ఆ పోటీ అమెరికాలోని న్యూయార్కు నగరమున, పోలో గ్రౌండ్సు అను క్రీడాస్థలమున జరిగెను. దీనికి కారణమేమి? 1845 మొదలు ఐర్లండులో పేదల ముఖ్యాహారమైన బంగాళాదుంప పంటకు తెగులు సోకెను. ఆకలిచేతను రోగములచేతను సుమారు 10 లక్షలమంది మరణించిరి. లక్షలకొలది జనులు ఓడలెక్కి పరదేశములకు పోయిరి. ఆ యేండ్లలో 1847 మిక్కిలి దారుణమైనది. నూఱేండ్లు నిండిన సందర్భమున, వలసపోయినవారి సంతతి నడుమ ఈ పోటీ జరుగవలెనని క్లేర్ కౌంటీకి చెందిన మైకేల్ హామిల్టన్ అను గురువు పట్టుదలతో వాదించెను. స్వదేశపు పోటీ సముద్రము దాటరాదని కొందఱాక్షేపించిరి; తుదకు ఆయన మాటయే నెగ్గెను.

కావన్, కెరీ కౌంటీలు తలపడెను. ఆటగాండ్రు కొందఱు ఓడలోను, కొందఱు విమానమందును వచ్చిరి. అది బేస్‌బాల్ ఆడు స్థలము. నేల గట్టిది, ఎండ తీవ్రము. చూడవచ్చినవారు 34,000కు పైబడిరి. తొలుత కెరీవారు 8 పాయింట్లు ముందంజ వేసిరి. కావన్‌వారు ధైర్యము విడువలేదు. విరామమునకే వారు ఒక పాయింటు మించిరి. పీటర్ డొనహో 8 పాయింట్లు సాధించెను. మిక్ హిగ్గిన్సు ఒక గోలు చేసెను. అతడు జన్మించినది ఆ న్యూయార్కునందే! తుదకు కావన్ 2 గోలులు 11 పాయింట్లు, కెరీ 2 గోలులు 7 పాయింట్లు. ఎన్నింటి తేడాయో మీరే లెక్కింపుడు.

స్వదేశమున జనులు రేడియోలచుట్టు గుమిగూడి మైకేల్ ఓహెహిర్ చేయు వర్ణనను వినుచుండిరి. ఆట ముగియకమునుపే తంతి గడువు తీరవచ్చెను. ఆయన ప్రసారము నడుమనే, దయయుంచి మరి యైదు నిమిషములిండని వేడుకొనెను. తంతి తెగలేదు, ఐర్లండు కడవఱకు వినెను.

ఈ పోటీ ఐర్లండు వెలుపల జరిగినది ఆ యొక్కమాఱే. ఆ క్రీడాస్థలము 1964లో పడగొట్టబడినది. ఆకలిచే నిల్లు విడిచి పోయినవారికి మరలివచ్చు దారి లేకపోయెను. నూఱేండ్లకు ఇల్లే వారి బిడ్డల కడకు నడచివచ్చెను. పోయినవారిని తలంచుట ఒక ఋణము; దానిని తీర్చువిధము కన్నీరొక్కటే కాదని ఈ యాట మనకు నేర్పుచున్నది.