లేచి నిలబడే కారు

పిల్లలూ, మన బడి వదిలే వేళకు కారు పార్కులో ఒక పాత కారు పొట్ట నేలకు ఆనించుకుని పడుకుని ఉండడం మీలో చాలామంది చూసే ఉంటారు. "అంకుల్, మీ టైర్లు పంక్చరయ్యాయా?" అని అడిగినవాళ్ళూ ఉన్నారు. టైర్లకేమీ కాలేదు. ఇంజను స్టార్ట్ చేయగానే ముందు వెనకభాగం, తర్వాత ముందుభాగం లేస్తాయి, ఒంటె లేచినట్టు! అది మా ఇంటిల్లిపాదికీ ఇష్టమైన 1990 నాటి సిట్రోయెన్ బీఎక్స్. ఈ ఏడాది పాఠం దాని గురించే.

మామూలు కారుకు గతుకుల్లో కుదుపు తెలియకుండా ఇనుప స్ప్రింగులుంటాయి. మన ఊళ్ళలో తిరిగిన అంబాసిడర్‌కు వెనక కమాన్ పట్టీలుండేవి. మా కారుకు స్ప్రింగు పని చేసేది నత్రజని, అంటే నైట్రోజన్ వాయువు. ప్రతి చక్రానికీ కొబ్బరికాయంత ఇనుప గోళం ఒకటి ఉంటుంది. దాని మధ్యలో రబ్బరు పొర. పొరకు ఒకవైపు నత్రజని, రెండోవైపు నూనె. చక్రం జడ్డర్ బార్ ఎక్కినప్పుడు నూనె పైకి నెట్టబడుతుంది. ద్రవం నొక్కితే నలగదు, వాయువు నలుగుతుంది. కనుక నత్రజని కుంచించుకుని కుదుపును మింగేసి, మళ్ళీ వ్యాకోచిస్తుంది. నూనె సన్నని రంధ్రంలోంచి పోవాలి కాబట్టి కారు ఊగిసలాడకుండా నిలుస్తుంది.

దీని వెనక ఉన్నది 1662లో రాబర్ట్ బాయిల్ ప్రకటించిన సూత్రం. ఉష్ణోగ్రత మారకుండా వాయువు ఘనపరిమాణం సగమైతే పీడనం రెట్టింపవుతుంది. సూది లేని సిరంజి కొనను వేలితో మూసి నొక్కి చూడండి, మీకే తెలుస్తుంది.

వెనక సీట్లో నలుగురు కూర్చుంటే కారు కుంగాలి కదా? కుంగగానే ఒక వాల్వు తెరుచుకుని, పంపు మరికొంత నూనె పంపి కారును పాత ఎత్తుకే తెస్తుంది. ఈ ఏర్పాటును రూపొందించినవాడు పాల్ మాజెస్. పెద్ద ఇంజనీరింగు డిగ్రీలేమీ లేని మనిషి! 1954లో ఒక కారు వెనక చక్రాలకు పెట్టి చూశారు. 1955 అక్టోబరులో పారిస్ ప్రదర్శనలో నాలుగు చక్రాలకూ ఈ ఏర్పాటున్న డీఎస్ కారు వచ్చింది. 1962లో ఫ్రాన్స్ అధ్యక్షుడు డి గాల్‌పై కాల్పులు జరిగినప్పుడు, టైర్లు పేలినా ఆయన కూర్చున్న డీఎస్ ఆగకుండా తప్పించుకుపోయింది.

ఇక అసలు విషయం. మామూలు కారులో మన కాలి బలమే బ్రేకు నూనెను నెడుతుంది. ఈ కారులో కాలు కేవలం ఒక వాల్వు తెరుస్తుంది. బ్రేకు పట్టేది పంపు దాచిపెట్టిన పీడనం. అది సుమారు 170 బార్ల దాకా ఉంటుంది, అంటే టైరులోని గాలి పీడనానికి 70 రెట్ల పైమాటే. ఆ పీడనాన్ని నిల్వ ఉంచేందుకు పంపు దగ్గర అయిదో గోళం ఉంటుంది. ఇంజను హఠాత్తుగా ఆగినా కారును ఆపుకోవడానికి ఆ నిల్వే దిక్కు.

మూడేళ్ళ క్రితం ఒకరోజు మా అమ్మాయి, "నాన్నా, కారు గడియారంలా టిక్కు టిక్కుమంటోంది" అంది. మేము నెలల తరబడి వింటూనే ఉన్నాం, పాత కారు కదా అనుకున్నాం. లెక్కపెట్టి చూస్తే నాలుగు సెకన్లకొక టిక్కు. ఆరోగ్యంగా ఉన్న కారులో కనీసం అరనిమిషానికొకటి ఉండాలి. అయిదో గోళంలో నత్రజని దాదాపు ఖాళీ అన్నమాట. బొంబే హిల్స్ దిగేటప్పుడు ఇంజను ఆగి ఉంటే ముందు బ్రేకులు ఎన్నిసార్లు పట్టేవో తలచుకుంటే ఇప్పటికీ మాకు వణుకే. నత్రజని రబ్బరు పొరలోంచి ఏళ్ళ తరబడి, చడీచప్పుడు లేకుండా జారిపోతుంది. రోజూ నడిపేవాళ్ళకు తేడా తెలియదు. అందుకే వారెంట్ ఆఫ్ ఫిట్‌నెస్ వచ్చేదాకా ఆగకుండా మనమే చూసుకోవాలి.

ఇలాంటి కారు ఉన్న పెద్దలకు నాలుగు మాటలు:

1. టిక్కుల మధ్య సెకన్లు లెక్కపెట్టండి. కారు మూలలను చేత్తో నొక్కండి. రాయిలా బిగుసుకుని ఉంటే ఆ గోళం అయిపోయినట్టే.

2. బీఎక్స్‌లో పోయవలసింది ఎల్‌హెచ్‌ఎం అనే ఆకుపచ్చ నూనె మాత్రమే. మామూలు బ్రేకు నూనె పోస్తే లోపలి రబ్బరు సీళ్ళన్నీ ఉబ్బి పాడవుతాయి. నూనె మట్టం ఇంజను నడుస్తుండగా, కారును పూర్తి ఎత్తుకు లేపి చూడాలి.

3. గోళం మార్చేముందు ఇంజను ఆపి, ఎత్తు మీటను అట్టడుగుకు దించి, రెగ్యులేటరు మీది స్క్రూ వదులుచేసి పీడనం పూర్తిగా తీసేయాలి. కొత్త గోళాన్ని కొత్త రబ్బరు రింగుతో చేత్తోనే బిగించాలి. పీడనంతో చిమ్మే నూనె చర్మంలోకి దూసుకుపోగలదు.

4. కారు పైకి లేచి ఉందని దాని కిందకు ఎవరూ దూరకూడదు. పీడనం పోతే క్షణంలో కూలబడుతుంది. గట్టి స్టాండ్లు పెట్టాల్సిందే. పాత నూనె రోడ్డు పక్క కాలువలో పోస్తే సముద్రంలోకి పోతుంది. ట్రాన్స్‌ఫర్ స్టేషనులో అప్పగించండి.

పిల్లలకు ఇంటిపని:

అ) పీడనం, ఘనపరిమాణం, ద్రవం, వాయువు, నత్రజని: ఈ అయిదు మాటలతో అయిదు సొంత వాక్యాలు రాయండి.

ఆ) గోళంలో మామూలు గాలి బదులు నత్రజని ఎందుకు? (గాలిలోని ఆక్సిజన్, నూనె, అధిక పీడనం కలిస్తే ఏమవుతుందో ఆలోచించండి.)

ఇ) ఈ ఆదివారం తాతయ్యకో అమ్మమ్మకో ఫోను చేసి, ఈ కారు ఎలా లేస్తుందో పూర్తిగా తెలుగులో చెప్పండి. మధ్యలో మాట దొరక్కపోతే వాళ్ళనే అడగండి.