దసరా కొలువులో చెక్క బొమ్మ విరిగితే?



ఇది అమ్మమ్మ లేని మా మొదటి దసరా. కొలువు కోసం అటక మీది పెట్టె దించితే, ఆవిడ కొన్న కొండపల్లి అంబారీ ఏనుగు మీద మావటి చెయ్యి ఊడి ఉంది. "విరిగింది కొలువులో పెట్టకూడదంటారు కదా, పడేసి కొత్తది ఆర్డర్ పెడదాం" అన్నాను. అమ్మ ఏమీ అనలేదు. వంటింట్లోంచి చింతగింజలు తెచ్చి నా ముందు పెట్టింది.

కొండపల్లి బొమ్మలో తల, చేతులు, ఒళ్ళు విడివిడిగా చెక్కుతారండి. తేలికైన తెల్లపొణికి కర్ర వాడతారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. అంటే ఊడిన చెయ్యిని మళ్లీ అతికించుకోవచ్చు!

మేమూ గింజల పొడి నీళ్లలో ఉడికించి, పొట్టు కలిపి అతికించాం. బాగా ఆరాక రంగు వేశాం. ఒక్క జాగ్రత్త: పాత చెక్క బొమ్మల్ని తడిగుడ్డతో తుడవకండి, రంగు పోతుంది. పొడిగుడ్డ చాలు.

మా కొలువు 5 మెట్లు. పై మెట్టు మీద కలశం, అమ్మవారు. చెయ్యి కాస్త వంకరగానే అతికింది. అయినా అమ్మ ఆ ఏనుగుని అమ్మవారి పక్కనే పెట్టి, చాలాసేపు అక్కడే కూర్చుంది.

కొత్తవి కొనే ముందు మీ అటక మీది పెట్టె కూడా ఒకసారి దించి చూడండి.

శ్రీ మాత్రే నమః.