దెబ్బ చిన్నదిగా ఉండగానే దారి మార్చుకోండి

'తప్పులు చేస్తేనే అనుభవం వస్తుంది' అన్న మాట వ్యాపారం పెడదామనుకునే ప్రతి కుర్రాడికీ వినిపిస్తుంది. అది సగమే నిజం. షాపు అడ్వాన్సు, ఇంటీరియర్, అప్పుమీద వడ్డీ కలిసి ఇంటి పొదుపంతా మింగేశాక అనుభవం మిగిలినా, దాన్ని వాడుకోవడానికి పెట్టుబడి మిగలదు. తప్పు పాఠం కావాలంటే అది మనం తట్టుకోగలిగినంతలో ఉండాలి. ఎక్కడ జరిగిందో సరిగ్గా పోల్చుకోగలగాలి కూడా.

ఇబ్బంది ఎవరిది?

2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి వెళ్లడానికి ఫణీంద్ర సామ అనే ఇంజినీరుకు బస్సు టికెట్ దొరకలేదు. బిట్స్ పిలానీలో కలిసి చదివిన చరణ్ పద్మరాజు, సుధాకర్ పసుపునూరిలతో కలిసి ఆయన సీట్ల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ తయారుచేసి ప్రైవేటు బస్సు ఆపరేటర్లకు చూపించారు. వాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. పాత పద్ధతిలోనే వాళ్ల పని నడిచిపోతోంది మరి.

'సాఫ్ట్‌వేర్ బాగాలేదేమో' అనుకుని దానికే మెరుగులు దిద్దుతూ కూర్చుంటే కథ అక్కడే ముగిసేది. తప్పు సరుకులో లేదు, ఎవరికి అమ్మబోయారన్న దాంట్లో ఉంది. టికెట్ కోసం తిరుగుతున్నది ప్రయాణికుడు. అందుకే ఫణీంద్ర బృందమే ఆన్‌లైన్‌లో టికెట్లు అమ్మడం మొదలుపెట్టింది. 2006లో రెడ్‌బస్ అలా వచ్చింది. వ్యాపారం పెరిగాక ఆపరేటర్లూ ఆ బృందం సాఫ్ట్‌వేర్ తీసుకున్నారు. 2013లో ఐబిబో గ్రూపు ఆ సంస్థను కొనుక్కుంది.

కొత్తవాళ్లు తడబడే చోట్లు

కూలి లెక్క: ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మేవాళ్లు మామిడికాయలు, నూనె, కారం, సీసాల ఖర్చు లెక్కేసి మిగిలిందంతా లాభమనుకుంటారు. తమ కష్టానికి కూలి, కొరియర్ ఛార్జీ, పాడైన సరుకు కలపరు. ఆర్డర్లు పెరిగి మనిషిని పెట్టుకోవాల్సి వచ్చాకే ఆ ధర గిట్టదని తెలుస్తుంది.

అరువు: అమ్మకాలు బాగున్నా డబ్బు చేతికి రాక మూతపడే వ్యాపారాలుంటాయి. తయారీ, సేవల రంగాల్లో ఉన్నవారు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకోవడం మేలు. అలా నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు 45 రోజులు దాటకుండా చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం చెబుతోంది. ఆలస్యమైతే వడ్డీ కూడా అడగవచ్చు.

నోటిమాట ఒప్పందం: స్నేహితులమే కదా అని కాగితం రాసుకోరు. పెట్టుబడి ఎవరిదెంత, జీతం ఎవరికి, మధ్యలో తప్పుకుంటే ఏమిటి అన్నవి ముందే రాసి, సంస్థను రిజిస్టర్ చేయించండి. 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం, రిజిస్టర్ కాని సంస్థ తన ఒప్పందాల మీద బయటివారిపై దావా వేయడం సాధారణంగా కుదరదు.

మొదలుపెట్టే ముందు రాసుకోండి

ఎంత పోయినా ఇల్లు గడుస్తుంది? ఎన్ని నెలలు చూస్తాను? ఏం జరిగితే నా అంచనా తప్పని ఒప్పుకుంటాను? ఈ మూడింటికీ జవాబులు తేదీ వేసి రాయండి. నష్టం మొదలయ్యాక మనసు సాకులు వెతుకుతుంది. ముందు రాసిన కాగితం ముందు అవి నిలవవు.

నెల తిరిగేసరికి, ఒక్కసారి కొని మళ్లీ రాని వారికి ఫోన్ చేయండి. చుట్టాలూ మిత్రులూ మొహమాటానికి బాగుందంటారు. డబ్బిచ్చి కొని మానేసిన మనిషికి ఆ మొహమాటం ఉండదు.

మూసేయాల్సి వస్తే

తాళం వేసి వెళ్లిపోకండి. సరుకిచ్చినవారి బాకీలు తీర్చి, పెండింగ్ రిటర్నులు వేసి, జీఎస్టీ రిజిస్ట్రేషన్ రద్దు చేయించండి. లేదంటే వేయని ప్రతి రిటర్నుకూ ఆలస్య రుసుము పడుతుంది. అప్పు కిస్తీలు ఎగ్గొడితే క్రెడిట్ స్కోరు దెబ్బతిని, తర్వాత ఇంటి రుణానికి అడ్డొస్తుంది.

ఆపైన ఉద్యోగానికి వెళ్తే ఆ కాలాన్ని రెజ్యూమేలో దాచకండి. ఎంత పెట్టాం, ఎంత అమ్మాం, ఎందుకు ఆగాం, ఇప్పుడైతే ఏం మారుస్తాం అన్నది అంకెలతో చెప్పండి. లెక్క చెప్పగలిగినవారికే ఆ వైఫల్యం అర్హతగా పనికొస్తుంది.