బార్కస్ - ఒక వలస పేట కథ

పాఠ్యభాగ ఉద్దేశం: బ్రతుకుతెరువు కోసం దూరదేశాల నుండి వచ్చినవారు ఒక నగర సంస్కృతిలో ఎట్లా భాగమయ్యారో, తమను రప్పించిన వృత్తి పోయినప్పుడు ఎట్లా నిలదొక్కుకున్నారో విద్యార్థులకు తెలియజేయడం.

మానవచరిత్రలో వలస కొత్త విషయం కాదు. పొట్ట చేతబట్టుకొని పరాయి నేలకు చేరినవారు తమవారితో కలిసి ఒకచోట నివసించాలనుకోవడం సహజం. న్యూయార్కు నగరంలో గ్రీకులు స్థిరపడిన ఆస్టోరియా అటువంటి పేటయే. మన హైదరాబాదులోనూ అట్లాంటి పేట ఒకటి ఉంది. చార్మినారుకు దక్షిణంగా, చాంద్రాయణగుట్ట సమీపంలో ఉన్న ఆ పేట పేరు బార్కస్.

సైనికుల నివాసాలను ఆంగ్లంలో బ్యారక్స్ అంటారు. ఆ మాటే జనుల నోట బార్కస్ అయింది. గనిలోకి దిగే ఏటవాలు దారి పేరుతో గోదావరిఖనిలో 8 ఇంక్లైన్ కాలనీ వెలసినట్లే, సైనికవృత్తి పేరుతో ఈ పేట వెలసింది. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనే అశ్వికదళం ఉన్నచోటు నేడు ఏ.సి. గార్డ్స్‌గా పిలువబడుతున్నది. మొదట వచ్చినవారు ఏ పనికోసం వచ్చారో ఇటువంటి పేర్లు చెప్పకనే చెబుతాయి.

బార్కస్ అరబ్బుల పూర్వికులు ప్రధానంగా యెమెన్ దేశపు హద్రమౌత్ ప్రాంతంవారు. అది వానలు అరుదైన నేల. అక్కడి యువకులు సముద్రం దాటి వచ్చి ఆసఫ్‌జాహీ ప్రభువుల కొలువులో సైనికులయ్యారు. 19వ శతాబ్దంలో వారి నాయకులైన జమేదార్లు ఆయుధబలంతోపాటు ధనబలమూ సంపాదించి, జాగీర్దారులకే అప్పులిచ్చే స్థాయికి ఎదిగారు. దివానుగా ఉన్న మొదటి సాలార్‌జంగ్ వారి ప్రాబల్యాన్ని అదుపులో పెట్టవలసి వచ్చింది. హైదరాబాదులో జమేదారుగా పనిచేసిన ఉమర్ బిన్ అవద్ అల్ ఖువైతీ ఇక్కడ ఆర్జించిన సంపద హద్రమౌత్‌లో ఒక రాజ్యస్థాపనకు తోడ్పడింది. ముకల్లా రాజధానిగా అతని వంశీయులు సాగించిన ఆ పాలన 1967లో అంతరించింది.

వచ్చినవారిలో చాలామంది ఒంటరి పురుషులు. వారు ఇక్కడి స్త్రీలను వివాహమాడి సంసారాలు ఏర్పరచుకున్నారు. తండ్రి భాష అరబ్బీ అయినా పిల్లల నోట దక్కనీ ఉర్దూ పలికింది. ఇంటిపేర్లలోని ‘బిన్’, ‘బా’, ‘అల్’ అనే మాటలు మాత్రం పూర్వికుల నేలను గుర్తుచేస్తూ నిలిచాయి.

ఓడలు బండ్లు కావడానికి ఎంతోకాలం పట్టలేదు. 1948 సెప్టెంబరు 13న ప్రారంభమైన భారత సైనికచర్య 17న నిజాం లొంగుబాటుతో ముగిసింది. తరువాత నిజాం సేనలు రద్దయ్యాయి. తరతరాల కొలువు పోయింది. కొందరు అరబ్బులు నిర్బంధానికి గురయ్యారు. కొందరిని వారి పూర్వికుల దేశానికి పంపివేశారు. మిగిలినవారికి కత్తి పట్టడం తప్ప మరొక విద్య అంతగా తెలియదు. అయినా వారు ఈ నేలను విడువలేదు. చిరువ్యాపారాలు, తోటపనులు చేపట్టి కుటుంబాలను పోషించుకున్నారు. బార్కస్ జామపండ్లు నగరంలో పేరుపొందాయి. 1970ల తరువాత గల్ఫ్ దేశాలలో పనులు లభించడంతో ఎందరో మళ్లీ సముద్రం దాటారు. తాతలు వచ్చిన దిక్కుకే మనుమలు వలసపోయారు!

నేడు బార్కస్ సందర్శకులను ఆకర్షించేది ప్రధానంగా అక్కడి వంటకాలతోనే. గోధుమలను, మాంసాన్ని సన్నని సెగపై గంటలకొద్దీ ఉడికించి మెత్తగా మెదిపి చేసే హరీస్ అక్కడి ఉదయపు ఆహారం. అది తీపిగానూ, కారంగానూ లభిస్తుంది. పప్పులు, మసాలాలు చేరిన హైదరాబాదీ హలీమ్ దీనికి దగ్గరి చుట్టం. ఆ హలీమ్ 2010లో భౌగోళిక గుర్తింపు పొందింది. అన్నం, మాంసం కలిపి వండే మండీని ఒకే పెద్ద పళ్లెం చుట్టూ కూర్చొని పలువురు తింటారు. అది ఇప్పుడు తెలంగాణ పట్టణాలకూ విస్తరించింది. అరబ్బులు, ఆఫ్రికా సంతతివారు తెచ్చిన మర్ఫా వాద్యం మతభేదం లేకుండా పెండ్లి ఊరేగింపులలో మ్రోగుతున్నది.

ఏ వృత్తి మనుషులను ఒకచోటికి చేర్చుతుందో, ఆ వృత్తి ఎల్లకాలం నిలువకపోవచ్చు. భూగర్భంలోని బొగ్గు కూడా తరిగేదే. గని మూతపడితే దానిని నమ్ముకొని వెలసిన ఊరు ఏమవుతుందన్నది గనుల ప్రాంతపు ప్రతి కుటుంబం ఆలోచించే విషయం. కొలువు పోయిన తరువాత కూడా బార్కస్ మిగిలింది. అయితే అది అయాచితంగా జరగలేదు. ఒక తరం ఎన్నో కష్టాలకోర్చి కొత్త పనులు నేర్చుకున్నది. ఇరుగుపొరుగుతో బంధాలు పెంచుకున్నది. తమ రుచిని నగరానికి పంచి, నగరపు భాషను తమ ఇంటిభాష చేసుకున్నది. అందువల్లనే బార్కస్ నేడు పరాయివారి విడిది కాదు; హైదరాబాదులోని ఒక స్వంత పేట.

అర్థాలు
అశ్వికదళం = గుర్రపు సైన్యం
ప్రాబల్యం = పైచేయి, అధిక బలం
నిర్బంధం = కదలనీయక ఉంచడం
విడిది = తాత్కాలిక బస
అయాచితం = అడుగకుండానే లభించినది

ప్రశ్నలు
1. బార్కస్ అనే పేరు ఎట్లా వచ్చింది?
2. 1948 తరువాత బార్కస్ అరబ్బుల జీవితంలో వచ్చిన మార్పులను వివరించండి.
3. మీ ఊరిలో వృత్తినిబట్టి పేరు వచ్చిన ఒక వాడను గురించి పెద్దలను అడిగి తెలుసుకొని వ్రాయండి.